ఫోన్-ఇన్: కంప్యూటర్‌లో స్పైవేర్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్

యాంకర్: శ్రోతలకు నమస్కారం. కంప్యూటర్‌లో చేరిన స్పైవేర్, అంటే మనకు తెలియకుండా నిఘా పెట్టే ప్రోగ్రామ్, మన నెట్ బ్యాంకింగ్ వివరాలు ఎలా లాగేస్తుంది, చేరిందని అనుమానం వస్తే ఏం చెయ్యాలి, ఈరోజు ఇదే విషయం. సైబర్ భద్రతా నిపుణులు స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి. హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత (ఖమ్మం): ఖమ్మం నుంచండీ. మా బ్యాంకు సైట్లో పాస్‌వర్డ్ కొట్టడానికి తెర మీదే కీబోర్డు వస్తుంది. మౌస్‌తో నొక్కితే ఏ దొంగకీ తెలియదంటారు. నిజమేనా సార్?

నిపుణుడు: సగమే నిజం అమ్మా. కీలాగర్ అనేది మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ వరసగా రాసుకునే ప్రోగ్రామ్. మౌస్‌తో నొక్కితే దానికి అక్షరాలు దొరకవు, ఆ మేరకు మంచిదే. కానీ 2007లో బయటపడ్డ జ్యూస్ అనే ట్రోజన్, అంటే మంచి ప్రోగ్రామ్ వేషంలో చొరబడేది, అప్పట్లోనే దీనికి మందు కనిపెట్టింది. మౌస్ నొక్కిన ప్రతిసారీ పాయింటర్ చుట్టూ ఉన్న కాస్త భాగాన్ని ఫొటో తీసి పంపేది. ఎనిమిది నొక్కులు, ఎనిమిది ఫొటోలు. వరసగా పేర్చుకుంటే మీ పాస్‌వర్డే. వాడండి, కానీ దాని మీదే భరోసా పెట్టుకోవద్దు.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాల్.

శ్రోత (తెనాలి): హలో... హలో... వినపడుతోందాండీ?

యాంకర్: వినపడుతోందండీ. మీ దగ్గర రేడియో సౌండు తగ్గించి మాట్లాడండి.

శ్రోత (తెనాలి): ఆ, తగ్గించా. అయ్యా, మాది తెనాలిలో ఎరువుల కొట్టండీ, పురుగుమందులూ ఉంటాయి. సీజను కదా, కంపెనీలకి రోజూ డబ్బు వెయ్యాలి. కొట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. బిల్లులు అందులోనే, జీఎస్టీ అందులోనే, మా మనవడు వస్తే ఆటలూ అందులోనే. మొన్న మంగళవారం బ్యాంకు పేజీ తెరిచాం. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాక ఎప్పుడూ లేనిది కార్డు నంబరు, ఏటీఎం పిన్ను అడిగింది. గుమాస్తా కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. కానీ అయ్యా, పైన తాళం గుర్తు ఉంది. అడ్రసు అక్షరం అక్షరం చూశా, చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ఉంది. మరి అది బ్యాంకు పేజీయే కదండీ?

నిపుణుడు: ఆపి చాలా మంచి పని చేశారు. పేజీ బ్యాంకుదే. ఆ రెండు గళ్లు మాత్రం బ్యాంకువి కావు.

శ్రోత (తెనాలి): అదెలా అండీ?

నిపుణుడు: చెప్తాను. 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అడ్రసుకి మారాలని ఆర్‌బీఐ చెప్పింది. నకిలీ వెబ్‌సైట్లని పోల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. తాళం గుర్తు చెప్పేదేమిటంటే, మీ బ్రౌజర్ నుంచి బ్యాంకు సర్వరు దాకా దారిలో ఎవడూ చదవలేడని. మీ దొంగ దారిలో లేడు, బ్రౌజర్ లోపలే కూర్చున్నాడు. ఉత్తరం కవర్లో పెట్టి లక్క ముద్ర వేసేలోపే వెనకనుంచి చదివేశాడనుకోండి, ముద్ర గట్టిగా ఉండి ఏం లాభం? మీరు లాగిన్ నొక్కగానే బ్రౌజర్ ఆ వివరాలన్నీ మూటగట్టి, ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఎవరికీ అర్థం కాని రహస్య రాతగా మార్చి, పంపాలి. ఎన్‌క్రిప్ట్ చెయ్యడానికి ముందు ఆ క్షణంలోనే స్పైవేర్ నకలు తీసుకుంటుంది. దీన్ని ఫామ్ గ్రాబింగ్ అంటారు. తిరుగు దారిలోనూ అంతే. బ్యాంకు పంపిన పేజీ విప్పాక, మీకు కనిపించేలోపు అందులో నాలుగు లైన్ల కోడ్ దూర్చి కొత్త గళ్లు పుట్టిస్తుంది. అది వెబ్ ఇంజెక్ట్. మీరు చూసింది అదే. లాగిన్ పేజీలో ఏ బ్యాంకూ ఏటీఎం పిన్ను అడగదు.

శ్రోత (తెనాలి): అమ్మో. సరే అయ్యా, పిన్ను కొట్టలేదు కదా. పైగా అనుమానమొచ్చి ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ కూడా మార్చేశా. ఇక పర్లేదు కదా?

నిపుణుడు: ఏ కంప్యూటర్లోంచి మార్చారు?

శ్రోత (తెనాలి): కొట్లో దాంట్లోంచేనండీ.

నిపుణుడు: అయితే కొత్త పాస్‌వర్డ్ కూడా వాడి చేతిలోనే ఉంది. శ్రోతలందరూ ఇది గుర్తు పెట్టుకోవాలి. అనుమానం వచ్చిన కంప్యూటర్లోంచి పాస్‌వర్డ్ మార్చొద్దు. పాత తాళం పోయిందని దొంగ ఎదురుగా కొత్త తాళం చెవి చేయించినట్టు అవుతుంది. మొదట ఆ కంప్యూటరుకి నెట్ తీసెయ్యండి, వైరైతే పీకండి, వైఫై అయితే ఆపండి. తర్వాత మీ ఫోన్‌లో మొబైల్ డేటా మీద పని చెయ్యండి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కార్డు వెనకాల ఉంటుంది, అక్కడ చూసి చెయ్యండి. నెట్‌లో వెతికితే దొంగ నంబర్లు తగులుతాయి. నెట్ బ్యాంకింగ్ తాత్కాలికంగా ఆపమని అడగండి. బెనిఫిషియరీల, అంటే మీరు డబ్బు పంపేవాళ్ల, జాబితాలో మీరు చేర్చని పేరుందా, రిజిస్టరైన ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా చూడండి. అప్పుడు లాగిన్ పాస్‌వర్డ్, ట్రాన్సాక్షన్ పాస్‌వర్డ్, ఈమెయిల్ పాస్‌వర్డ్, మూడూ మార్చండి. ఈమెయిల్ మర్చిపోతారు చాలామంది.

శ్రోత (తెనాలి): ఓటీపీ నా ఫోనుకే వస్తుంది కదయ్యా. అది లేకుండా వాడేం పీకుతాడు?

నిపుణుడు: ఓటీపీ మీ చేతే కొట్టిస్తాడు. మీరు కంపెనీ ఖాతాకి 2 లక్షలు వేస్తున్నారనుకోండి. మీ తెర మీద కంపెనీ ఖాతా నంబరే కనిపిస్తుంది, బ్యాంకుకి వెళ్లేటప్పుడు స్పైవేర్ దాన్ని ఆ దొంగవాడి నంబరుగా మార్చేస్తుంది. బ్యాంకు నిజమైన ఓటీపీ పంపుతుంది, మీరు ఆరంకెలు చూసి కొట్టేస్తారు. అందుకే ఓటీపీ మెసేజ్‌లో అంకెలే కాదు, అక్షరాలూ చదవండి. ఎంత మొత్తం, ఎవరికి, ఖాతా చివరి అంకెలు ఏవి, మీ బ్యాంకు మెసేజ్‌లో ఉన్నదంతా చదవండి. 2009లో జర్మనీ బ్యాంకుల ఖాతాదారుల మీద పడ్డ యూఆర్‌ఎల్‌జోన్ అనే ట్రోజన్ అయితే డబ్బు లాగేశాక, తెర మీద బ్యాలెన్స్ తగ్గనట్టే చూపించింది. కాబట్టి స్టేట్‌మెంట్ కూడా వేరే పరికరంలో చూసుకోవాలి.

శ్రోత (తెనాలి): మా కంప్యూటర్ కుర్రాడొచ్చి యాంటీవైరస్ తిప్పాడండీ, ఏమీ లేదన్నాడు. అయినా పైన తాళం గుర్తు ఉండగా...

నిపుణుడు: తాళం సంగతి వదిలెయ్యండి, చెప్పాను కదా! అది దారి గురించే చెప్తుంది, మీ కంప్యూటర్ లోపల గురించి చెప్పదు. ఆ కుర్రాడు మీకు ఏమైనా సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసి, అంటే కొనకుండా తాళం విరగ్గొట్టి, వేశాడా?

శ్రోత (తెనాలి): బిల్లింగ్‌ది వేశాడండీ. రెండు నెలలైంది.

నిపుణుడు: వేసేటప్పుడు యాంటీవైరస్ ఆపేశాడా?

శ్రోత (తెనాలి): ఆపితేనే ఎక్కుతుందన్నాడు.

నిపుణుడు: వచ్చింది ఆ దారినే అయ్యుండొచ్చు. యాంటీవైరస్‌ని ఆపమని అడిగే ఏ ఫైలూ ఎక్కించొద్దు. ఇక స్కాన్‌లో ఎందుకు దొరకలేదంటారా, అదే స్పైవేర్‌కి కొత్త కొత్త పై పొరలు తొడిగి వదులుతారు. యాంటీవైరస్ దగ్గరున్న గుర్తులతో కలవదు. పైగా విండోస్ నడుస్తుండగా స్కాన్ చేస్తే, విండోస్‌తో పాటే లేచిన స్పైవేర్ తనను తాను దాచుకోగలదు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో స్కాన్ ఆప్షన్స్, అక్కడ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, ఒక 15 నిమిషాలు. అయినా డబ్బు పంపే కంప్యూటర్ కాబట్టి నా మాట వినండి, తుడిచేసి విండోస్ కొత్తగా వేయించండి. బిల్లుల డేటా బ్యాకప్, జీఎస్టీ ఫైళ్లు, ఫొటోలు మాత్రమే బయటికి తీసుకోండి. సెటప్ ఫైల్ ఒక్కటీ వద్దు, ఆ క్రాక్ అసలే వద్దు. విండోస్ పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్లో తయారు చేయించండి.

శ్రోత (తెనాలి): బోలెడు పనుందే.

నిపుణుడు: ఒక పూట పని అన్నగారూ. సీజన్ డబ్బంతా ఆ ఖాతాలోనే ఉందంటున్నారు. కొత్తగా వేశాక మనవడికి వేరే అకౌంట్ పెట్టండి, స్టాండర్డ్ యూజర్‌గా, అడ్మినిస్ట్రేటర్‌గా కాదు. కరెంట్ ఖాతాకి మేకర్, చెకర్ అని ఇద్దరు యూజర్ల పద్ధతి ఉందేమో బ్యాంకులో అడగండి. గుమాస్తా కంప్యూటర్లో ఎంట్రీ చేస్తే మీరు మీ ఫోన్‌లో ఒప్పుకోవాలి. ఇద్దరూ ఒకే కంప్యూటర్లో చేస్తే మాత్రం ఉపయోగం లేదు.

యాంకర్: చాలామంది ఎదురుచూస్తున్నారండీ, ధన్యవాదాలు. హలో?

శ్రోత (హన్మకొండ): నమస్తే సార్, హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. డిగ్రీ చదువుతున్న. మా దోస్తు ఒక గేమ్ క్రాక్ ఇచ్చిండు, ఎక్కిస్తే ఓపెనే కాలేదు. డిలీట్ చేసిన. పాస్‌వర్డ్‌లన్నీ బ్రౌజర్‌లనే సేవ్ ఉన్నయి. ఏమైనా అయితదా?

నిపుణుడు: ఓపెన్ కాకపోవడమే అనుమానం బాబూ. రెడ్‌లైన్, లుమ్మా లాంటి స్టీలర్లు, అంటే పాస్‌వర్డ్‌లు దోచుకుపోయే ప్రోగ్రామ్‌లు, ఇలాగే వస్తాయి. బ్రౌజర్ పాస్‌వర్డ్‌లను దాచేది నీ విండోస్ లాగిన్ మీద ఆధారపడే. నీ లాగిన్ కిందే నడిచే దొంగ ప్రోగ్రామ్‌కి అవి విప్పుకోవడం పెద్ద పని కాదు. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, నువ్వు లాగిన్ అయి ఉన్నావని సైట్ గుర్తుపట్టే కుకీలు మూటగట్టి పంపేసి కొన్ని తనను తాను చెరిపేసుకుంటాయి. అందుకే తర్వాత స్కాన్‌లో ఏమీ కనబడదు. కుకీ దొరికితే పాస్‌వర్డే అక్కర్లేదు. బ్యాంకు సెషన్, అంటే ఒకసారి లాగిన్ అయి ఉండే సమయం, కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, ఈమెయిల్‌ది వారాల తరబడి బతుకుతుంది. వేరే పరికరంలోంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చెయ్యి. వేరే పరికరంలోంచి, మర్చిపోవద్దు. బ్యాంకు పాస్‌వర్డ్ ఇకపై బ్రౌజర్‌లో సేవ్ చెయ్యకు.

శ్రోత (హన్మకొండ): సార్, ఇంకొకటి, నా ఫోన్ల...

యాంకర్: సమయం తక్కువుంది బాబూ, ఏమనుకోకు. మస్కట్ నుంచి ఒకరున్నారు.

శ్రోత (మస్కట్): నమస్తే సార్. ఏదో సైట్‌కి వెళ్తే నేను రోబోని కాదని నిరూపించుకోమంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమంది. కొట్టేశా. నా ఎన్ఆర్ఈ ఖాతా అదే ల్యాప్‌టాప్‌లో వాడతాను.

నిపుణుడు: ఆ సైట్ ఒక ఆదేశాన్ని ముందే మీ క్లిప్‌బోర్డులో, అంటే కాపీ చేసింది నిలిచే చోట, పెట్టింది, దాన్ని మీ చేత్తోనే నడిపించింది. రోబో కాదని తేల్చే అసలు క్యాప్చా ఏదీ, ఆదేశాలు నడిపే రన్ డబ్బా తెరవమనదు. ఆ ల్యాప్‌టాప్ పోయినట్టే లెక్క వేసుకోండి. నెట్ ఆపండి, ఫోన్‌లోంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, బ్యాంకుకి చెప్పండి, తర్వాత తుడిచెయ్యండి.

యాంకర్: ధన్యవాదాలు. ఒంగోలు.

శ్రోత (ఒంగోలు): సార్... మా డబ్బు పోయిందండీ. సేవింగ్స్ ఖాతాలోంచి 86 వేలు. మెసేజ్ వచ్చి ఐదు రోజులైంది. మావారు ఊళ్లో లేరని ఆగాను. తప్పు చేశానా అండీ?

నిపుణుడు: ఇప్పుడైనా చేశారు కదమ్మా, ధైర్యంగా ఉండండి. ఈ ఫోన్ పెట్టగానే బ్యాంకుకి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి. ఆ డబ్బు ఇంకో ఖాతాలో ఆగి ఉంటే అక్కడే నిలిపే వీలుంది. 2017 జులైలో ఆర్‌బీఐ పెట్టిన నిబంధన ఉంది. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు అన్నప్పుడు, మెసేజ్ వచ్చిన రోజు వదిలేసి మూడు పనిదినాల్లో చెప్తే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకి మీరు భరించేది గరిష్ఠంగా 10 వేలు. మధ్యలో సెలవులొచ్చాయి కాబట్టి లెక్క సరిగా చూడండి. మీరు ఎవరికీ పాస్‌వర్డ్, ఓటీపీ చెప్పలేదు కదా?

శ్రోత (ఒంగోలు): లేదండీ, ఎవరికీ చెప్పలేదు.

నిపుణుడు: ఆ మాటే రాతపూర్వకంగా ఇచ్చి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. తప్పు మీదేనని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుది. మీరు చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపించాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఇంకోటమ్మా, తెనాలి ఆయనకి తుడిచెయ్యమన్నాను, మీరు తుడవొద్దు. డబ్బు పోయినచోట ఆ కంప్యూటరే సాక్ష్యం. నెట్ మాత్రం తీసేసి పక్కన పెట్టండి.

శ్రోత (ఒంగోలు): సరేనండీ. చేస్తానండీ.

యాంకర్: ధన్యవాదాలమ్మా. ఆఖరి కాల్. హలో?

శ్రోత (తెనాలి): మళ్లీ నేనేనండీ, తెనాలి. ఒకే ఒక్క మాట. మా మనవడి ఫోన్లోంచి మార్చొచ్చా పాస్‌వర్డ్? నాకు చూపు ఆనదు.

నిపుణుడు: ఆ ఫోన్‌లో ఏం దించుకున్నాడో మనకి తెలియదు కదండీ. మీ ఫోన్‌లోనే, మీ పక్కన కూర్చుని మనవడు చదివిపెడితే చాలు, కొట్టేది మీరు. కంప్యూటర్ నెట్ తీశారా?

శ్రోత (తెనాలి): గుమాస్తా ఇప్పుడే వైరు పీకాడండీ.

నిపుణుడు: మంచిది. ఇక బ్యాంకుకి ఫోన్ చెయ్యండి.

యాంకర్: ధన్యవాదాలు. వార్తల సమయం అయింది.