గీత, టేపు, ఒక్క దూకు

శ్రోతలందరికీ నమస్కారం.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల కాళ్లలో ఎంత సత్తువ ఉందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నేల మీద ఒక గీత, చేతిలో ఒక టేపు ఉంటే చాలు. పీఈటీ మాస్టార్లు స్టాండింగ్ బ్రాడ్ జంప్ అంటారే, అదే. పరుగెత్తుకుంటూ రాకుండా, నిలబడ్డ చోటు నుంచే ముందుకు దూకడం.

ఒకప్పుడు ఇది ఒలింపిక్ పోటీ. 1900 నుంచి 1912 వరకు నడిచింది. అమెరికా క్రీడాకారుడు రే యూరీ 1900, 1904, 1908 ఒలింపిక్స్ మూడింటిలోనూ స్వర్ణం గెలిచాడు. 1904లో ఆయన దూకిన దూరం 3.47 మీటర్లు. చిన్నతనంలో పోలియో వచ్చి నడవలేకపోయిన మనిషాయన! కాళ్లకు బలం రావాలని చేసిన కసరత్తే ఆయన్ని అక్కడి దాకా తీసుకెళ్లింది. 2012లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పిల్లల కండర బలాన్ని కొలవడానికి పిడికిలి పట్టుతో పాటు ఈ జంప్‌నే సిఫారసు చేసింది.

ముందు ఒళ్లు వేడెక్కేలా కాసేపు కదలనివ్వండి. తర్వాత రెండు పాదాలు గీత వెనక పెట్టి, మోకాళ్లు వంచి, చేతులు ఊపి, రెండు కాళ్లతో ఒకేసారి దూకాలి. గీత నుంచి, దానికి దగ్గరగా పడ్డ మడమ దాకా కొలవాలి. బొటనవేలి దాకా కొలిస్తే తప్పు. వెనక్కి పడిపోతే మళ్లీ దూకించాలి. రెండు మూడుసార్లలో ఎక్కువ వచ్చినదే లెక్క.

ఆ అంకెను ఎలా చదవాలన్నదే అసలు సంగతి. దూకేటప్పుడు పిల్లలు తమ ఒంటి బరువు మొత్తాన్ని ముందుకు విసరాలి. కాబట్టి బొద్దుగా ఉన్న అబ్బాయి తొడల్లో బోలెడు బలం ఉన్నా తక్కువే దూకవచ్చు. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు చాపే బలాన్ని డైనమోమీటర్ అనే బలం కొలిచే పరికరంతో కొలిస్తే అదే అబ్బాయి ముందుండవచ్చు. పొడుగు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా ఈ వయసులో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి మీసం మొలుస్తుంటుంది, ఇంకొకరు ఇంకా చిన్నపిల్లాడే. వాళ్లిద్దరికీ ర్యాంకులివ్వడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఈ అమ్మాయి జూలైలో ఎంత దూకింది, జనవరిలో ఎంత దూకింది అన్నదే చూడండి. పక్కనే ఎత్తు, బరువు కూడా రాసిపెట్టుకోండి.

క్లాసంతా చుట్టూ నిలబడి చూస్తుంటే చాలామంది ఆడపిల్లలు సిగ్గుతో సగం బలంతోనే దూకుతారు. అప్పుడు మనం కొలిచేది బలాన్ని కాదు, బిడియాన్ని. వాళ్లను విడిగా, ఆటకు వీలైన బట్టల్లో దూకనివ్వండి. అంకెను గట్టిగా చదవకండి.

మోకాలి చిప్ప కింద నొప్పి అన్న పిల్లల్ని మాత్రం ఆ రోజు దూకించకండి. ఎదిగే వయసులో అక్కడ ఎముక బుడిపెలా వాచి నొప్పి పుట్టడం మామూలే. అలాంటివాళ్లను ముందు డాక్టరుకు చూపించి, నొప్పి తగ్గాకే గీత దగ్గరికి పిలవండి.