ఒక్క ఊపిరితిత్తితో రాసిన నావికుడు

మిత్రులకు నమస్కారం.

ఓడ పని నుంచి రచనలోకి వచ్చినవాళ్ల గురించి మాట్లాడమన్నారు. నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు అమెరికన్ రచయిత హ్యూబర్ట్ సెల్బీ జూనియర్. 1928లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిదీ ఓడ పనే. కొడుకు పదిహేనేళ్లకే బడి మానేసి రేవులో పనికి కుదిరి, అక్కడి నుంచి సరుకు ఓడ ఎక్కేశాడు. బడి మానేసే నాటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది.

సరుకు ఓడలవాళ్లను ఎవరూ సైనికులుగా లెక్కపెట్టలేదు. ఆయుధాలూ తిండీ ఇంధనమూ మోసుకుని జర్మన్ జలాంతర్గాముల కళ్లుగప్పి వెళ్లింది వాళ్లే. అమెరికా ప్రభుత్వం వాళ్లను మాజీ సైనికులుగా ఒప్పుకున్నది మాత్రం 1988లో. అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారు? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

 సెల్బీకి ఓడ పనిలో ఉండగానే క్షయ పట్టుకుంది. జర్మనీలో ఓడ దింపేశారు. ఎక్కువ రోజులు బతకడన్నారు డాక్టర్లు. పక్కటెముకలు తీసేశారు, ఒక ఊపిరితిత్తి చాలావరకు పనికిరాకుండా పోయింది. అప్పుడప్పుడే వచ్చిన క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూశారు. ఏళ్ల తరబడి ఆసుపత్రులే. మళ్లీ ఓడ ఎక్కే ఒళ్లు కాదు, చేతిలో చదువూ లేదు. అక్షరాలైతే వచ్చు కదా, రచయితనవుతానేమో అనుకున్నాడు. చిన్ననాటి స్నేహితుడు, రచయిత గిల్బర్ట్ సోరెంటినో వెన్నుతట్టాడు.

ఒక్క పుస్తకానికి ఆరేళ్లు పట్టింది. పగలు ఉద్యోగం, రాత్రి టైప్‌రైటర్. అపాస్ట్రఫీ (') ఉండాల్సిన చోట ఏటవాలు గీత (/) కొట్టేవాడు, ఎందుకంటే ఆ మీట వేలికి దగ్గర. మాటలకు కొటేషన్లు పెట్టడు. ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టే తెలియాలి. మొదటిసారి చదివినప్పుడు ఆ గీతలన్నీ అచ్చుతప్పులనుకున్నాను. పది పేజీలు దాటాక అవి కనిపించడం మానేశాయి. రేవు పక్క వీధుల్లో మనుషుల అరుపులు మాత్రం వినిపించాయి.

ఆ పుస్తకం, 'లాస్ట్ ఎగ్జిట్ టు బ్రూక్లిన్', 1964లో వచ్చింది. బ్రిటన్‌లో 1967లో జ్యూరీ దాన్ని అశ్లీలమని తేల్చింది, మరుసటి ఏడాది అప్పీలులో ఆ తీర్పు పోయింది. పేరొచ్చింది, కానీ హెరాయిన్ మత్తు అలవాటు వదల్లేదు. జైలుకూ వెళ్లాడు. అది దాచి ఆయన్ను పొగడటం నాకు ఇష్టం లేదు. చివరికి ఆ అలవాటు మానాడు, మళ్లీ రాశాడు, లాస్ ఏంజిలెస్‌లో విద్యార్థులకు రచన నేర్పాడు. 2004లో పోయాడు, ఊపిరితిత్తుల జబ్బుతోనే. డాక్టర్లు పెట్టిన గడువు దాటి యాభై ఏళ్లకు పైనే బతికాడు.

ఇప్పుడు ఆ పుస్తకంలోంచి ఒక పేజీ చదువుతాను. వాక్యం ఎక్కడా ఆగదు. నాకు ఆయాసం వస్తే కాస్త ఓపిక పట్టండి.