ఇంటేక్ మోతకు ఫోమ్ మందు కాదు

నమస్తే. ఈ రోజు ఉపోద్ఘాతం లేదు. ఈ ఒక్క ప్రశ్న విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. "ఇంటేక్, అదే ఇంజిన్‌కి గాలి తెచ్చే పైపూ ఫిల్టరూ, మార్పించాను, కారు లోపల కూర్చుంటే గుయ్‌మంటోంది, బానెట్ కింద ఏ ఫోమ్ అంటించమంటారు?"

ఏ ఫోమూ వద్దు. ఎందుకు వద్దో చెప్తాను, తర్వాత ఇంట్లో ఏం చేయొచ్చో చూద్దాం.

(టేబుల్ మీదున్న అల్యూమినియం పైపు, కోన్ ఫిల్టర్ చేతిలోకి తీసుకుని)

ఫిల్టర్ పక్కన పెట్టి ఈ పైపును ఇలా నోటి దగ్గర పట్టుకుంటే ఏమనిపిస్తోంది? బూర. మీరు కారుకి బిగించుకున్నది అదే. ఒక చివర ఇంజిన్ ఊదుతోంది, రెండో చివర బార్లా తెరుచుకుని ఉంది. ఆ చివరున్న ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది కానీ ఈ మోతను ఆపలేదు.

"ఇంజిన్ గాలి పీలుస్తుంది కదా, ఊదడమేంటి?" అంటారు. గాలి లోపలికే పోతుంది, నిజం. శబ్దం మాత్రం గాలికి ఎదురొస్తుంది. ఇంటేక్ వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ పైపులో పీడనం గబుక్కున పడిపోతుంది, మూసుకోగానే పరుగు మీదున్న గాలి ఆగిపోయి వెనక్కి తన్నుతుంది. ఆ కుదుపు సెకనుకు 340 మీటర్ల చొప్పున పైపు మూతి వైపు వస్తుంది. పైపులో గాలి వేగం సెకనుకు కొన్ని పదుల మీటర్లే, కాబట్టి గాలి దాన్ని అడ్డుకోలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లు గాలి పీలుస్తాయి. 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 50 చుట్లు, అంటే 100 కుదుపులు, అంటే 100 హెర్ట్జ్. మీ చెవిలో గుయ్‌మనేది ఎక్కువగా ఇదే. 100 హెర్ట్జ్ శబ్దం అల పొడవు సుమారు 3.4 మీటర్లు. ఫోమ్ ఒక శబ్దాన్ని గట్టిగా పీల్చుకోవాలంటే దాని మందం ఆ అలలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. అంటే 85 సెంటీమీటర్లు. మీరు అంటించేది అంగుళం షీటు! బానెట్ కింద 85 సెంటీమీటర్ల ఫోమ్ పెడితే ఇంజిన్ ఎక్కడ పెడతారు?

ఫోమ్ అసలు పనికిరాదని కాదు. గాలి రాసుకునే 'స్‌స్‌స్' శబ్దం, ఇంజెక్టర్ల టిక్‌టిక్ లాంటి సన్న శబ్దాలు కొంత తగ్గుతాయి. అందుకే కొందరు "తేడా ఉంది" అంటారు. ఉంది, కానీ తలనొప్పి తెప్పించేది ఆ శబ్దం కాదు. వసారాలో ఒకడు బూర ఊదుతుంటే పైకప్పుకి దుప్పటి కప్పినట్టుంటుంది ఈ వైద్యం. బూర సంగతి చూడాలి.

సరే, కంపెనీ ఇచ్చిన పాత ఇంటేక్‌లో ఈ మోత ఎందుకు లేదు? దాంట్లో పెద్ద నల్ల డబ్బా ఉంది. అది ఫిల్టర్ కోసమేనని అందరూ అనుకుంటారు. ఫిల్టర్ పట్టడానికి అంత డబ్బా అక్కర్లేదు. ఇరుకు పైపులోంచి వచ్చిన కుదుపు ఒక్కసారిగా విశాలమైన చోటుకి చేరితే దాంట్లో చాలా భాగం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. 7 సెంటీమీటర్ల పైపు, 21 సెంటీమీటర్ల అడ్డుకొలత, 30 సెంటీమీటర్ల పొడవున్న గుండ్రటి డబ్బా, అవతల మళ్లీ 7 సెంటీమీటర్ల పైపు అనుకోండి. లెక్క ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 8 డెసిబెల్స్, 285 హెర్ట్జ్ దగ్గర 13 డెసిబెల్స్ తగ్గాలి. 10 తగ్గితే చెవికి మోత సగమైనట్టుంటుంది. ఇదంతా చేసింది ఏ మెటీరియల్? ఖాళీ. ఉత్త ఖాళీ స్థలం.

అంటే డబ్బా తీసేసి కోన్ బిగించడమంటే, బూర మూతికి కట్టిన కుండను మీ చేత్తో మీరే ఊడదీయడం.

ఇంకొకటుంది, ఇది నాకు మరీ కోపం తెప్పించేది. పాత పైపుకి పక్కనుంచి ఒక గుడ్డి డబ్బా వేలాడుతుంటుంది. ఒకటే దారి, అవతల మూసేసి ఉంటుంది. అదే రెజొనేటర్. "అది గాలికి అడ్డం, పీకేస్తే పవర్ పెరుగుతుంది" అని పీకేస్తుంటారు. గాలి దాంట్లోంచి పోనే పోదండీ! అది పక్కనున్న అర. దాని మెడలో ఉన్న గాలి బరువులా, లోపలి గాలి స్ప్రింగ్‌లా పనిచేస్తాయి. ఆ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీలో ఊగుతాయి. సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీలో కుదుపు వస్తే, ఇది ఎదురు కుదుపు కొట్టి దాన్ని చంపేస్తుంది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరు మీద దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ రెజొనేటర్ అంటారు. 19వ శతాబ్దపు ఫిజిక్స్ అది, అల్లాటప్పా ప్లాస్టిక్ డబ్బా కాదు.

ఇక పని మొదలుపెడదాం. ముందు ఏ శబ్దమో తెలియాలి. కారు నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేసి తేల్చేయకండి. పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ అనేది బూర గొంతులో ఉన్న రెక్క. న్యూట్రల్‌లో అది కొంచెమే తెరుచుకుని ఇంజిన్ తేలిగ్గా తిరిగేస్తుంది, కాబట్టి శబ్దం లోపలే ఉండిపోతుంది. ఎత్తు ఎక్కుతూ పెడల్ నొక్కినప్పుడు రెక్క బార్లా తెరుచుకుంటుంది, అప్పుడొస్తుంది అసలు మోత. అందుకే పరీక్ష ఇలా చేయండి. ఒకే స్పీడు, ఒకే గేరు. ఒకసారి పెడల్ నొక్కి, ఒకసారి పూర్తిగా వదిలేసి వినండి. వదలగానే మోత పడిపోతే అనుమానం ఇంటేక్ మీదకు పోతుంది. వదిలినా అలాగే ఉంటే టైర్లో, బేరింగో, ఇంకోటో. సైలెన్సర్ మోత కూడా పెడల్‌తో పాటే పెరుగుతుంది కాబట్టి, తేల్చుకోవాలంటే పాత డబ్బా ఒక్క పూట బిగించి చూడండి. దాన్ని మించిన రుజువు లేదు.

ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ వేసి పక్కనున్నవాళ్ల చేతికివ్వండి. మీరు నడుపుతూ చూడొద్దు. గ్రాఫ్‌లో ఎత్తుగా లేచిన చోట ఎన్ని హెర్ట్జ్ ఉందో రాసుకోండి. నాలుగు సిలిండర్లైతే దాన్ని 30తో, మూడు సిలిండర్లైతే 40తో గుణించండి. టాకోమీటర్‌లో ఉన్న ఆర్‌పీఎం వస్తే, అది ఇంజిన్ కుదుపే.

ఇప్పుడు వైద్యం. నన్నడిగితే మొదటి సలహా ఎవరికీ నచ్చదు. పాత డబ్బా, పాత రెజొనేటర్ తిరిగి పెట్టేసి, ఆ డబ్బాలోనే పట్టే మంచి ప్యానెల్ ఫిల్టర్, అంటే పలకలా ఉండే ఫిల్టర్, వేసుకోండి. మోత పోతుంది, పైగా వేడి గాలి బాధ కూడా పోతుంది. బానెట్ కింద పీల్చే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. పవర్ కోసం పెట్టిన కోన్ వేడి గాలి మింగుతుంటే ఏం లాభం?

వద్దు, కోనే కావాలంటారా? అయితే దానికి డబ్బా కట్టండి. కోన్ ఇంటేక్ కిట్‌తో వచ్చే మూడు వైపుల రేకు డబ్బా కాదు. అది వేడికి అడ్డం పెట్టింది, శబ్దానికి కాదు. మొత్తం గోడల్లో ఒక్క శాతం సందున్నా, ఆ డబ్బా ఎంత మందంగా ఉన్నా 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. కిట్ డబ్బాలో ఒక వైపుకు వైపే లేదు.

మందపాటి ఏబీఎస్ ప్లాస్టిక్ షీటుతో ఆరు వైపులా మూసిన డబ్బా చేయండి. స్థలం ఉన్నంత పెద్దది. ముందు అట్టతో నమూనా చేసుకుని బానెట్ మూసి చూడండి. ఫిల్టర్ చుట్టూ నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ ఉంచండి. పైమూతకి తలుపు రబ్బర్ బీడింగ్. గోడను వేలితో కొడితే 'టంగ్' అనకూడదు, 'దబ్' అనాలి. టంగ్ అంటే ఆ గోడ తనే మోగుతోందని, బయటి వైపు బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ అంటించండి. చూశారా, షీట్ ఇక్కడ పనికొచ్చింది, కానీ గోడ మోగకుండా మాత్రమే.

ఆ డబ్బాకి గాలి రావడానికి ఒకే ఒక్క పైపు. దాన్ని స్నార్కెల్ అంటారు. ఇదే ఇప్పుడు మీ బూర మూతి. దీన్ని గ్రిల్ వైపు తిప్పండి, క్యాబిన్ వైపు కాదు. థ్రాటిల్ కంటే సన్నగా ఉండొద్దు, ఇంజిన్‌కి ఊపిరాడదు. కిందికి బంపర్ దాకా మాత్రం దింపకండి. నీళ్లలో మునిగితే ఇంజిన్ నీళ్లు తాగుతుంది. పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మోత తగ్గించబోయి ఇంజిన్ దింపాల్సి వస్తుంది.

అయినా ఒక ఆర్‌పీఎం దగ్గర ఇంకా గుయ్‌మంటుంటే, స్నార్కెల్‌కి పక్కనుంచి రెజొనేటర్ పెట్టండి. 3 లీటర్ల గట్టి ప్లాస్టిక్ డబ్బా, మెడ లోపలి అడ్డుకొలత 4 సెంటీమీటర్లు, మెడ పొడవు 10 సెంటీమీటర్లు అనుకుంటే దాని ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది. నాలుగు సిలిండర్లకి సరిగ్గా 3000 ఆర్‌పీఎం. మోత ఇంకా కింది ఆర్‌పీఎంలో ఉంటే మెడ పొడవు పెంచండి లేదా డబ్బా పెద్దది చేయండి, పైన ఉంటే తగ్గించండి. మెడను రెండు ముక్కలుగా చేసి ఒకదానిలో ఒకటి జారేలా పెట్టుకుంటే, కాస్త జరిపి, నడిపి, విని, మళ్లీ జరపొచ్చు. ఈ పని మహా సరదాగా ఉంటుంది, ఒక ఆదివారం ఇట్టే గడిచిపోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను. చేసే ప్రయోగాలన్నీ ఫిల్టర్‌కి ముందు, అంటే దుమ్ము వైపే. ఫిల్టర్ దాటాక, ఇంజిన్ వైపు పైపులో కన్నం పెట్టొద్దు, ఫోమ్ అంటించొద్దు. వేడికి, నూనె ఆవిరికి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది, రాలింది నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. అక్కడ లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటే అది ఆ పైపు కొలతకి ట్యూన్ చేసి ఉంటుంది. పైపు సైజు మారిస్తే అది చెప్పే లెక్క తప్పుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు.

(గడియారం చూసి)

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

ఈల శబ్దం వస్తే అది కుదుపు కాదు, చాలావరకు లీకే. జాయింట్ ఊడదీసి పైపు లోపల వేలు పెట్టి చూడండి. శుభ్రంగా ఉండాల్సిన గోడ మీద క్లాంప్ దగ్గర్నుంచి బూడిద రంగు సన్నటి చార మొదలై ఇంజిన్ వైపు సాగి ఉంటే, గాలితో పాటు దుమ్ము అక్కడే దూరుతోంది. క్లాంప్ వంకరగా ఉందేమో చూడండి, సిలికాన్ గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి పగుళ్లు వెతకండి.

గడగడ వస్తే పైపు దేనికో తగులుతోంది. బ్రాకెట్ కింద రబ్బర్ బుష్ వేయండి. ఇనుప బ్రాకెట్ నేరుగా బాడీకి బిగించి ఉంటే వణుకంతా లోపలికొస్తుంది.

అల్యూమినియం పైపు గోడ తనే మోగుతుంటే బయట డ్యాంపింగ్ టేప్ చుట్టండి. ఎగ్జాస్ట్‌కి దగ్గరైతే వేడి తట్టుకునేదే. ఇంజిన్‌కి, పైపుకి మధ్య మెత్తటి సిలికాన్ కప్లర్, అంటే రెంటినీ కలిపే గొట్టం, తప్పనిసరి.

ఇంజిన్‌కి, క్యాబిన్‌కి మధ్య గోడలో వైర్లు దూరే కన్నాల దగ్గర రబ్బర్ గ్రోమెట్లు, అంటే ఆ కన్నాలు మూసే రబ్బరు రింగులు, ఊడాయేమో చూడండి. ఊడితే మోత అక్కణ్ణుంచే లోపలికొస్తుంది. వైర్ లాగించిన చోట అది ఊడి వేలాడుతుంటుంది, ఎవరూ పట్టించుకోరు.

టర్బో కార్లలో పెడల్ వదలగానే వచ్చే 'ప్ష్‌ష్' వేరే సంగతి. గాలిని బయటికి వదిలే వాల్వ్ పెట్టి ఉంటే, మళ్లీ ఇంటేక్‌లోకే తిప్పే వాల్వ్‌కి మారండి.

ఏ పని చేసినా ఇంజిన్ ఆపి, చల్లారాక. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తానే తిరుగుతుంది, చేతులు దూరంగా పెట్టండి. బిగించాక ఒక రౌండ్ తిప్పి వచ్చి, క్లాంపులు ఇంకోసారి బిగించండి. కొత్త రబ్బర్ వేడెక్కాక సర్దుకుంటుంది, అప్పుడు స్క్రూ మరో అర చుట్టు తీసుకుంటుంది.