టాటూ ఉన్న చెయ్యి, కాక్‌పిట్‌లో సీటు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పిల్లల వెంట వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు కూడా.

ప్రశ్నలు ముందే చీటీల మీద రాసి ఇమ్మన్నాను. విమానం గాలిలో ఎలా నిలబడుతుందని అడిగిన చీటీ ఒక్కటీ లేదు! జీతం ఎంతని కొందరు అడిగారు. టాటూ ఉంటే పైలట్ ఉద్యోగం వస్తుందా అని చాలామంది అడిగారు. ఈ విషయంలో తెలిసీ తెలియని సలహాలు బాగా చెలామణిలో ఉన్నాయి కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

వస్తుంది. అయితే మీరు నడపాలనుకుంటున్నది ప్రయాణికుల విమానమా, వాయుసేన విమానమా? ఆ టాటూ ఒంటి మీద సరిగ్గా ఎక్కడ ఉంది? ఈ రెండూ అడగకుండా ఎవరు జవాబు చెప్పినా నమ్మకండి.

ముందు లైసెన్సు సంగతి. మన దేశంలో పైలట్ లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ, అంటే కేంద్ర ప్రభుత్వ పౌర విమానయాన నియంత్రణ సంస్థ. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి, ఇంటర్ స్థాయిలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి, పరీక్షలు గట్టెక్కాలి, క్లాస్-1 మెడికల్ అనే వైద్య పరీక్షలో ఫిట్ అనిపించుకోవాలి. ఆ మెడికల్‌లో కళ్లు చూస్తారు, చెవులు చూస్తారు, గుండెకు ఈసీజీ తీస్తారు, రక్తం, మూత్రం పరీక్షిస్తారు. పచ్చబొట్టు ఉన్నందుకు అన్‌ఫిట్ అనరు. అమెరికాలోనైతే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వైద్య పరీక్ష ఫారంలో దీనికి ఒక గడే ఉంది. మచ్చలు, టాటూలు ఎక్కడ ఉన్నాయి, ఎంత సైజు అని డాక్టరు అందులో రాయాలి. ఎందుకంటే మనిషిని గుర్తుపట్టడానికి పనికొస్తాయని. ఏ పరిస్థితిలో అలా గుర్తుపట్టాల్సి వస్తుందో మీరే ఊహించుకోండి, తల్లిదండ్రుల ముందు నేను వివరించను.

ఇక్కడే ఇంకో మాట. ఒంటి మీద ఉన్న పచ్చ కన్నా కంటికి కనిపించని పచ్చ ప్రమాదం. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వర్ణాంధత చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది, అదీ ముఖ్యంగా మగపిల్లలకు. ఉన్నట్టు వారికే తెలియదు. రంగు చుక్కల మధ్య అంకె చదివించే ఇషిహారా పరీక్ష కంటి డాక్టరు దగ్గర కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పొలం తాకట్టు పెట్టి ఫ్లయింగ్ స్కూలు ఫీజు కట్టే ముందు ఆ పని చేయించండి. టాటూ గురించి ఇంత బెంగ పడే వారు దీని గురించి ఒక్క చీటీ కూడా రాయలేదు.

సరే, లైసెన్సు చేతికి వచ్చింది. ఉద్యోగం ఇచ్చేది డీజీసీఏ కాదు, విమానయాన సంస్థ. ప్రతి సంస్థకూ యూనిఫాం, వేషధారణల గురించి సొంత నియమాలుంటాయి. వాటిలో సాధారణంగా కనిపించే షరతు ఒకటే: యూనిఫాం వేసుకున్నాక టాటూ బయటికి కనబడకూడదు. మన దగ్గర పైలట్లు ఎక్కువగా వేసుకునేది పొట్టిచేతుల తెల్ల చొక్కా. భుజం మీద, వీపు మీద, మోచేతికి పైన ఏమున్నా అది చొక్కా కింద దాగిపోతుంది. మోచేయి దాటి కిందికి వచ్చిందా, అందరికీ కనిపిస్తుంది.

ఇప్పుడు వాయుసేనకు వద్దాం. మన పక్కనే దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది కాబట్టి అటు మనసున్న వారు ఇక్కడ ఉండే ఉంటారు. వాయుసేన ప్రకటనల్లో శాశ్వత టాటూలకు రెండే చోట్లు అనుమతించారు. ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఒకటి. అరచేతికి వెనక వైపు రెండోది. గిరిజన ఆచారం ప్రకారం పొడిపించుకున్న వాటికి మినహాయింపు ఉంది. ఇంతకు మించి ఒంటి మీద ఎక్కడున్నా కుదరదు. ఉన్నవి ఒప్పుకోవాలా వద్దా అన్నదీ ఎంపిక కేంద్రమే తేలుస్తుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. భుజం మీద గరుత్మంతుడి బొమ్మ వేయించుకున్న కుర్రవాడికి విమానయాన సంస్థలో ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు, వాయుసేనలో మాత్రం తలుపు మూసుకుపోతుంది. ముంజేతి లోపల అమ్మ పేరు రాయించుకున్న అమ్మాయికి వాయుసేన నిబంధన అడ్డు రాదు, పొట్టిచేతుల చొక్కా దగ్గర పేచీ వస్తుంది. ఒకే మనిషి, ఒకే చెయ్యి, జాన దూరంలో ఫలితం తారుమారు. ఇంటర్‌లో ఉండగా త్రివిధ దళాల అధికారుల శిక్షణకు పెట్టే ఎన్డీఏ పరీక్ష రాయాలా, ఫ్లయింగ్ స్కూల్లో చేరాలా అని ఇంకా తేల్చుకోని వారికి నా సలహా, అది తేలేదాకా సూది దగ్గరికి పోవద్దని.

వాయుసేన ఈ విషయంలో చూసీ చూడనట్టు పోతుందని అనుకోకండి. ఎయిర్‌మన్‌గా, అంటే అధికారి హోదా లేని సిబ్బందిలోకి, ఎంపికైన ఒక యువకుడి నియామకాన్ని చేతి వెలుపలి వైపు టాటూ ఉందని రద్దు చేశారు. అతను ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. 2018 మొదట్లో పత్రికలన్నీ ఆ తీర్పు గురించి రాశాయి: వాయుసేన నిర్ణయం సరైనదేనని కోర్టు తేల్చింది. అతనిది పైలట్ పోస్టు కాదు, అయినా నియమం నియమమే.

లేజర్‌తో తీయించుకుంటే సరిపోతుంది కదా అని ఒకరు రాశారు. టాటూ సిరా చర్మం పైపొరలో ఉండదు, దాని కింది పొరలో దిగబడి ఉంటుంది. లేజర్ ఆ సిరాను చిన్న చిన్న తునకలుగా పగలగొడుతుంది, వాటిని మోసుకుపోవడం మన ఒంట్లోని రక్షక కణాల పని. అది నెమ్మదిగా జరుగుతుంది. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం కావాలి, విడతలు చాలానే పడతాయి. నలుపు త్వరగా పోతుంది, నీలం, ఆకుపచ్చ మొండికేస్తాయి. మనలాంటి చామనఛాయ చర్మం మీద తెల్లటి మచ్చ మిగిలిపోవచ్చు, కొందరికి గట్టిగా ఉబ్బిన మచ్చ కడుతుంది. మెడికల్ వచ్చే నెలలో పెట్టుకుని ఈ నెల లేజర్‌కు పరుగెత్తడం దండగ. కాల్చుకోవడం, యాసిడ్ పూసుకోవడం లాంటి పనుల గురించి మాట్లాడను కూడా మాట్లాడను. డబ్బు పోయేది పోతుంది, చెయ్యి కూడా పాడవుతుంది.

ఇంతకీ కనబడితే తప్పేమిటి? భద్రతకూ దీనికీ సంబంధం లేదని నా అభిప్రాయం. ముంజేతి మీద నెమలి ఉన్నంత మాత్రాన ల్యాండింగ్ గతుకులమయం కాదు. అసలు సంగతి ప్రయాణికుడి మనసు. నాలుగు చారల కెప్టెన్‌ను చూడగానే అతనికి ధైర్యం కలగాలని సంస్థల ఆరాటం. ఆ లెక్క కాలంతో మారుతోంది. న్యూజిలాండ్‌లో మూలవాసులైన మావోరీలకు తా మోకో అనే పచ్చబొట్టు వంశాన్ని, గౌరవాన్ని చెప్పే గుర్తు. ఆ దేశంలోనే దాన్ని దాచుకోమనడం ఏం న్యాయమని విమర్శలు వచ్చాక, ఎయిర్ న్యూజిలాండ్ 2019 సెప్టెంబరు 1 నుంచి కనిపించే టాటూలపై నిషేధం ఎత్తేసింది. 2022లో వర్జిన్ అట్లాంటిక్ కూడా సడలించింది, ముఖం మీద, మెడ మీద మాత్రం వద్దంది.

వెనక వరుసల వారికి ఒక మాట. ఎరుకల స్త్రీలు ఊళ్లోకి వస్తే మన అమ్మమ్మలు ముంజేతుల మీద చుక్కలు, ముగ్గులు పొడిపించుకున్నారు. అప్పుడు అది అందం. మనవడు వేయించుకుంటే చెడిపోయాడంటాం. మీ కోపం మీది, కాదనను, కాని పిల్లవాడి భయం ఉద్యోగం గురించి, మీ భయం బంధువుల గురించి. రెంటినీ కలపకండి.

ఇప్పటికే ఉన్నవారు చేయాల్సింది చెప్పి ముగిస్తాను. వాయుసేనకు వెళ్లేవారు టాటూ ఫొటోలు రెండు తీయించుకోండి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి. సైజు, రకం రాసి పెట్టుకోండి. ఎంపిక సమయంలో అడుగుతారు, దాచవద్దు. విమానయాన సంస్థకు దరఖాస్తు చేసేవారు ఆ సంస్థ తాజా నియమాలు చదవండి, అర్థం కాకపోతే ఇంటర్వ్యూకు ముందే లిఖితపూర్వకంగా అడగండి. గల్ఫ్ సంస్థల మీద కన్నున్న వారు ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. కొన్ని చోట్ల కట్టు కట్టి, మేకప్ వేసి కప్పడం కూడా ఒప్పుకోరు.

జీతం గురించిన చీటీలు ఇక్కడ ఉన్నాయి. మైకు అటు ఇవ్వండి, మూడో వరుసలో చెయ్యెత్తిన అమ్మాయికి.