'కూలింగ్ ఉందా?' అన్న ప్రశ్నకు మన జవాబు

(కర్నూలులో హోటళ్ళు, బార్లలో పనిచేసే సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. మధ్యాహ్నం పని ముగించుకుని, సాయంత్రం మళ్ళీ డ్యూటీ ఎక్కేలోపు దొరికే కాస్త విశ్రాంతిని వదులుకుని ఇంతమంది వచ్చారు. బయట 42 డిగ్రీల ఎండ. మీ సమయం విలువ నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

ఈ బల్ల మీద ఒక గాజు గ్లాసు, వంటగదిలో వాడే థర్మామీటరు ఉన్నాయి. పక్కనున్న ఐసుపెట్టెలో పొద్దుటి నుంచి గోధుమలతో కాచిన బీరు సీసా ఒకటి ఉంది. ఇప్పుడు మూత తీసి గ్లాసులో పోస్తున్నాను. థర్మామీటరు 3 డిగ్రీలు చూపిస్తోంది. ముందు వరుసలో ఉన్న తమ్ముడూ, ఒకసారి వచ్చి వాసన చూడు. తాగనక్కరలేదు. ఏమైనా తెలుస్తోందా? "చల్లగా ఉందన్నా, అంతే" అంటున్నాడు. ఉన్నమాటే చెప్పాడు. ఈ గ్లాసును ఇక్కడే ఉంచుదాం.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. బస్టాండు దగ్గర ఒక చిన్న బారులో బల్లలు తుడవడంతో మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట "కూలింగ్ ఉందా?" ఏ బీరు ఉందని ఆ తర్వాత అడుగుతారు, ధర ఇంకా తర్వాత. ఎండన పడి వచ్చిన మనిషికి ముందు కావలసింది చల్లదనమే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తప్పు మన జవాబులో ఉంది. "ఉంది" అంటాం, లేకపోతే "లేదు" అంటాం. ఏ బీరుకు ఎంత చల్లదనం అన్నది తేల్చవలసిన వాళ్ళం మనం. పప్పులో ఉప్పు ఎంత వేయాలో తినేవాళ్ళను అడిగి వేయం కదా. బీరుకు చల్లదనం కూడా అలాంటిదే, అది వంటలో భాగం.

బనగానపల్లె మామిడి సంగతి ఈ ఊరి వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోస్తే పండు చల్లగా ఉంటుంది, కానీ ఆ పండుదే అయిన వాసన ఉండదు. పావుగంట బయట పెడితే పక్క గదిలో వాళ్ళకు కూడా తెలుస్తుంది. వాసననిచ్చే పదార్థాలు ఆవిరై ముక్కును చేరాలి. చల్లదనం వాటిని లోపలే ఆపేస్తుంది. మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం నిజానికి వాసనే.

నాలుకకు కూడా చల్లదనంతో ఇబ్బంది ఉంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ ఎప్పుడైనా తిన్నారా? గట్టిగా ఉన్నప్పుడు సరిపోయిన తీపే, కరిగాక మొహం మొత్తుతుంది. చక్కెర పెరగలేదు, వేడిమి పెరిగింది. తీపి కబురును మోసే నాలుక కణాల్లో టీఆర్‌పీఎం5 అనే ద్వారం ఒకటి ఉంది. వెచ్చబడేకొద్దీ అది చురుకుగా పనిచేస్తుంది, చల్లబడితే మందగిస్తుంది. అందుకే మంచుముద్దలాంటి బీరులో మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం, ఇచ్చే తీపి వెనక్కి పోయి, చేదు కోసం, పరిమళం కోసం వేసే హాప్స్ పువ్వుల చేదు ఒంటరిగా మిగులుతుంది. "ఈ బీరు ఉత్త చేదు" అని గ్లాసు పక్కన పెట్టేసిన వాళ్ళలో కొందరికి మనం ఇచ్చింది చెడ్డ బీరు కాదు, అతిగా చల్లబడిన మంచి బీరు.

అలాగని వెచ్చగా ఇస్తే నష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. ఎండలో ఉన్న గోలీసోడా కొట్టి చూడండి, సగం పైకి చిమ్ముతుంది, మిగిలిన సగం చప్పగా ఉంటుంది. బీరులో ఉన్న వాయువు కూడా అదే, కార్బన్ డయాక్సైడ్. చల్లటి ద్రవంలో అది ఇమిడి ఉంటుంది, వేడెక్కితే వెళ్ళిపోతుంది. వాసన కోసం కొంత వెచ్చదనం కావాలి, వాయువు కోసం కొంత చల్లదనం కావాలి. ఈ రెండింటికీ రాజీ కుదిరే చోటు ఒక్కో బీరుకు ఒక్కో దగ్గర ఉంటుంది.

మనం అమ్మేదానిలో అత్యధికం లాగర్. జర్మన్ భాషలో ఆ మాట నిల్వ చేయడం నుంచి వచ్చింది. జర్మనీలోని బవేరియాలో చల్లటి నేలమాళిగల్లో, నెలల తరబడి నిల్వ ఉంచి తయారు చేసేవారు. దాన్ని పులియబెట్టే ఈస్టు 10 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా తన పని తాను చేసుకుపోతుంది. అంత చలిలో పులియడం వల్ల పండ్ల వాసనలు పుట్టవు, రుచి తేటగా ఉంటుంది. యంత్రాలు లేని రోజుల్లో దానికి చలికాలపు ఐసే దిక్కు. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండె అనే జర్మన్ ఇంజినీరు శీతల యంత్రాన్ని తయారు చేసినప్పుడు, మ్యూనిక్‌లోని ష్పాటెన్ బీరు కర్మాగారం ఆయనకు అండగా నిలిచింది. ఇవాళ మన బారులో గుర్రుమంటున్న ఫ్రిజ్ వెనక ఆ కథ ఉంది. నాకు అది తలచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

మామూలు తేలికపాటి లాగర్‌కు 3 నుంచి 5 డిగ్రీలు. దాచడానికి వాసనలు పెద్దగా లేవు, దాహం తీరడమే దాని పని, కాబట్టి ఇక్కడ కస్టమరు కోరిందే సరైనది. పిల్స్‌నర్ అలా కాదు. 1842లో యోసెఫ్ గ్రోల్ అనే ఆయన చెక్ దేశంలోని ప్ల్‌జెన్ పట్టణంలో మొదట కాచిన బంగారు రంగు బీరు అది. అక్కడ దాన్ని 7 డిగ్రీల దగ్గర ఇస్తారు. మనం 2 డిగ్రీలకు దించి ఇస్తే, దాని ప్రాణమైన హాప్స్ పరిమళాన్ని మన చేతులతో మనమే చంపినట్టు.

స్ట్రాంగ్ బీరు గురించి గట్టిగా చెప్పాలి. మన దేశంలో దానిలో ఆల్కహాలు 8 శాతం దాకా ఉంటుంది. గడ్డకట్టేంత చల్లగా ఇస్తే ఆల్కహాలు ఘాటు తెలియదు. ఎండన పడి వచ్చిన మనిషి మంచినీళ్ళలా గటగటా తాగేస్తాడు, తర్వాత బండి తీస్తాడు. అందుకే నేను దాన్ని 6, 7 డిగ్రీల దగ్గర ఇవ్వమంటాను. ఘాటు తెలిస్తే మనిషి నెమ్మదిస్తాడు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకు ఏ చల్లదనంలోనూ ఇవ్వకూడదని మీకు వేరే చెప్పను.

గోధుమ బీరుకు 6 నుంచి 8, పేల్ ఏల్ రకాలకు 7 నుంచి 10, నల్లటి స్టౌట్‌కు 8 నుంచి 12. బెల్జియం మఠాల్లో పుట్టిన చిక్కటి బీర్లకు 10 నుంచి 14. ఇవి మనకు అరుదుగా వస్తాయి కాబట్టి ఆగను.

కానీ ఒక పొరపాటు దగ్గర ఆగాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్దమనిషి స్టౌట్ తెప్పించుకుని, "దీన్ని ఇంగ్లండులో గది వేడిమిలో తాగుతారట, అలాగే ఇవ్వు బాబూ" అన్నారు. నేను అరలో ఉన్న సీసా తీసుకెళ్ళి ఇచ్చాను. అది మే నెల. ఆ అర 36 డిగ్రీల వేడిలో ఉండి ఉంటుంది. మూత తీయగానే నురగ ఆయన చొక్కా మీద పడింది. మిగిలింది తాగబోయి, ఒక గుక్కతో ఆపేశారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే. తర్వాత తెలుసుకున్నాను. అక్కడివాళ్ళు ఏల్ పీపాలను నేలమాళిగలో ఉంచుతారు, అక్కడ 11 నుంచి 13 డిగ్రీలు ఉంటుంది. వాళ్ళ మాటను మన గదికి తెచ్చి అతికిస్తే ఇలాగే అవుతుంది. కర్నూలులో ఏ బీరునూ గది వేడిమిలో ఇవ్వకూడదు.

మన ఎండకు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. చలిదేశాల్లో గ్లాసులో పోసిన బీరు చాలాసేపు అలాగే ఉంటుంది. ఇక్కడ ఫ్యాను గాలికి నాలుగైదు నిమిషాల్లోనే మూడు డిగ్రీలు ఎక్కుతుంది. కాబట్టి నేను చెప్పిన అంకెల కంటే రెండు డిగ్రీలు తక్కువకు చల్లబరిచి తీసుకెళ్ళండి. 650 మిల్లీలీటర్ల సీసాను ఒకేసారి పెద్ద మగ్గులో గుమ్మరించకండి. చిన్న గ్లాసులో పోసి, సీసాను బకెట్లో మళ్ళీ ఐసునీళ్ళలో ఉంచండి.

ఐసునీళ్ళు అన్నాను, గమనించండి. బకెట్లో నీళ్ళు లేకుండా ఉత్త ఐసుముక్కలు నింపి సీసా గుచ్చితే ముక్కల మధ్య గాలే ఎక్కువ. నీరు గాలి కంటే పాతిక రెట్లు బాగా వేడిని మోస్తుంది. సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసాను మెడదాకా ముంచి మధ్యమధ్య తిప్పుతూ ఉంటే పది, పదిహేను నిమిషాల్లో పని అవుతుంది. 40 డిగ్రీలున్న పెద్ద సీసాను 5 డిగ్రీలకు దించడానికి, సీసా గాజుతో కలిపి, దాదాపు 330 గ్రాముల ఐసు కరగాలి. అంటే మూడు సీసాలకు కిలో. గాలికి పోయేది వేరు. దీన్నిబట్టి శనివారానికి ఎంత ఐసు తెప్పించాలో లెక్క వేసుకోవచ్చు. 1833లో అమెరికాలోని చెరువుల ఐసును ఓడలో కలకత్తాకు తెచ్చి అమ్మారు. మద్రాసు సముద్రతీరంలో ఆ ఐసు కోసమే ఒక భవనం కట్టారు, పేరు కూడా ఐస్ హౌసే. అంత కష్టపడి వచ్చిన వస్తువును మనం కాలువలో పారబోస్తున్నాం.

తొందరగా చల్లబడాలని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరచిపోవద్దు. మామూలు బీరు సున్నాకు రెండు డిగ్రీలు కిందికి దిగితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, గాజు ఆగదు. నాతో పనిచేసిన ఒక కుర్రవాడు అలా పగిలిన సీసాను తీయబోయి అరచేయి కోసుకున్నాడు, ఆరు కుట్లు పడ్డాయి. మంచు పట్టిన గ్లాసులు కూడా నాకు నచ్చవు. చూడటానికి బాగుంటాయి, కానీ ఆ మంచు గరుకుకు వాయువు ఒక్కసారిగా లేచి నురగంతా పొంగిపోతుంది, మంచు కరిగి బీరులో నీళ్ళు కలుస్తాయి.

ఇక మనం అసలు పట్టించుకోనిది గోదాము. వ్యాపారంలో పాతవాళ్ళు చెప్పే మోటు లెక్క ఒకటుంది. 3 డిగ్రీల దగ్గర 300 రోజుల్లో బీరు ఎంత పాతబడుతుందో, 22 డిగ్రీల దగ్గర 30 రోజుల్లో, 32 డిగ్రీల దగ్గర 3 రోజుల్లో అంత పాతబడుతుంది. ఇప్పుడు మన రేకుల షెడ్లను గుర్తు చేసుకోండి. నేను పనిచేసిన ఒక చోట వేసవంతా పెట్టెలు రేకుల కింద ఉండేవి. జూన్‌లో ఆ బీరు తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. ఎంత చల్లబరిచి ఇచ్చినా ఆ వాసన పూర్తిగా పోలేదు. చల్లటి గది కట్టే స్తోమత అందరికీ ఉండదు. కానీ మన గాలి పొడిగా ఉంటుంది, అదే మన కుండనీళ్ళ రహస్యం. గాలి ఆడే నీడచోట పెట్టెల మీద తడి గోనెపట్టాలు కప్పి అవి ఆరిపోకుండా నీళ్ళు చల్లుతూ ఉంటే, 42 డిగ్రీల రోజున కూడా లోపల ముప్పై లోపు ఉంచవచ్చు. అట్టపెట్టెలైతే సీసాలను లోపలి నుంచి తీసి, ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టి కప్పండి. ఎండ పొడ మాత్రం తగలనివ్వకండి. వెలుతురు పడితే హాప్స్ పదార్థాలు విరిగి దుర్వాసన పుడుతుంది. సీసా గోధుమరంగులో ఉండేది అందుకే.

ఇప్పుడు మన గ్లాసు దగ్గరికి వద్దాం. థర్మామీటరు 9 డిగ్రీలు చూపిస్తోంది, నేను చెప్పిన హద్దును కాస్త దాటింది. తమ్ముడూ, మళ్ళీ రా. ఇప్పుడు వాసన చూడు. నెమ్మదిగా. "లవంగమా అన్నా?" అంటున్నాడు. అవును, లవంగమే! ఇంకోసారి చూడు, దాని వెనక ఏముంది? అరటిపండు. ఈ సీసాలో ఎవరూ లవంగం వేయలేదు, అరటిపండు వేయలేదు. ధాన్యం నుంచి ఈస్టు తయారు చేసినవే ఇవి. ఇందాక 3 డిగ్రీల దగ్గర కూడా ఇవన్నీ గ్లాసులోనే ఉన్నాయి.

మిగతావాళ్ళు కూడా వరుసగా రండి. గ్లాసును అడుగున పట్టుకోండి, లేకపోతే చేతి వేడికి ఇంకా ఎక్కుతుంది.