‘విశ్రాంతి’ అని రాసి వదిలేయకండి

వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. ప్రపంచ హృదయ దినం కనుక గుండె జబ్బు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి చెప్పమన్నారు. ఆ జాగ్రత్తలన్నీ పాటించినా గుండెపోటు వచ్చిన స్త్రీల గురించి మాట్లాడతాను, మన్నించండి.

వాళ్లకు వచ్చింది స్కాడ్ అనే అరుదైన జబ్బు. ఇందులో గుండెకు రక్తం అందించే ధమని గోడ పొరలు వాటంతటవే విడిపోయి, మధ్యలో రక్తం చేరి, అసలు దారి ఇరుకైపోతుంది. కొవ్వు పేరుకోవడం దీనికి కారణం కాదు. 1931లోనే వైద్య పత్రికకెక్కిన ఈ జబ్బు బారిన పడేవారిలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే. బాలింతలకు వచ్చే గుండెపోట్లకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. చాలామందికి స్టెంటు అవసరం లేకుండానే చీలిక కొన్ని వారాల్లో, నెలల్లో మానుతుంది. భయం మాత్రం అంత త్వరగా పోదు.

స్కాడ్ వచ్చి, నా దగ్గరకు ఫిజియోథెరపీకి వచ్చిన ఒక బాలింత డిశ్చార్జి కాగితంలో ‘బరువులు ఎత్తరాదు, విశ్రాంతి’ అని మాత్రమే ఉంది. ఎంత బరువు, ఎన్నాళ్లు అన్నది ఎవరూ చెప్పలేదు. నెలల తరబడి ఆమె కన్నబిడ్డను ఎత్తుకోలేదు. అత్తగారు తెచ్చి ఒళ్లో పడుకోబెడితే పాలిచ్చేది. ఆ రెండు ముక్కలు రాసి పంపిన ఆసుపత్రి మీద నాకు ఇప్పటికీ కోపమే.

కెనడాలోని వాంకూవర్‌లో స్కాడ్ రోగుల కోసమే నడిపిన వ్యాయామ పునరావాస కార్యక్రమం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అందులో 70 మంది స్త్రీలు పాల్గొన్నారు. విశ్రాంతిలో ఉండే గుండె వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న తేడాలో 50 నుంచి 70 శాతం మేరకే వేగం పెరగాలని, పై బీపీ 130 దాటకూడదని హద్దులు పెట్టి చేయించారు. వారి శక్తి పెరిగింది, ఛాతీనొప్పులు తగ్గాయి.

కార్డియాలజిస్టు సమ్మతితో మేమూ ఆ హద్దుల్లోనే, ఈసీజీ చూసుకుంటూ ఆ బాలింతను నడిపించాము. తరువాత బరువులు. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది కనుక, ఒక మోకాలు నేలకు ఆనించి, బరువును ఛాతీకి దగ్గరగా తీసుకుని, ఊపిరి వదులుతూ లేవడం నేర్పాను. మొదట చిన్న బియ్యం సంచితో, ఆ తరువాత బిడ్డతో. లేచి నిలబడగానే బీపీ చూశాను, హద్దులోనే ఉంది. నమ్మలేక మళ్లీ చూడమంది. మళ్లీ చూశాను.

వీళ్లను జిమ్‌కు పంపమని నేను అనడం లేదు; అతి బరువులు, పోటీ ఆటలు వద్దనే చెబుతాము. అయితే స్కాడ్ రోగులను పర్యవేక్షణలో సాగే పునరావాసానికి పంపాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లోనే సూచించింది. ఈ సభలో ఉన్న డాక్టర్లూ, దయచేసి వినండి! డిశ్చార్జి కాగితంలో ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చో, గుండె వేగం ఎంత దాటకూడదో, వ్యాయామం ఎప్పుడు, ఎవరి దగ్గర మొదలుపెట్టాలో రాయండి. ట్రెడ్‌మిల్ లేని జిల్లా ఆసుపత్రిలోనైనా నడవడానికి వరండా ఉంటుంది, బీపీ మిషను ఉంటుంది. పక్కన నిలబడి చూసేందుకు ఒక ఫిజియోథెరపిస్టును వేయించండి.