సబ్బు మీద నాలుగు రూపాయలు ఎవరు తగ్గించారు?

నమస్తే. మా నల్లగొండలో పెద్ద డిస్కౌంట్ దుకాణం మాట ఎత్తితే చాలు, ఒక డైలాగు తయారుగా ఉంటుంది. "ఇన్ని రోజులు కిరాణం సేటు మనల్ని ముంచిండు. ఇప్పుడు చూడు, అదే సబ్బు నాలుగు రూపాయలు తక్కువ!" పెళ్లిళ్లలో ఇదే మాట, బస్సులో ఇదే మాట, నా వీడియోల కింద కూడా ఇదే మాట. విన్నప్పుడల్లా నాకు తిక్క లేస్తుంది. సేట్లంటే నాకేం ప్రత్యేకమైన ప్రేమ లేదు. తూకంలో చేతివాటం చూపించినవాళ్లను మీరూ చూశారు, నేనూ చూశాను. కానీ ఈ లెక్క తప్పు. తప్పు లెక్క మీద కోపం తెచ్చుకోవడం ఎందుకని ఈ వీడియో.

ఎంఆర్‌పీ అంటే ఏంటి, జీఎస్టీ అంటే ఏంటి, అవన్నీ మీకు తెలిసినవే. నేరుగా సబ్బు దగ్గరికి పోదాం.

[స్క్రీన్ మీద: ఒక సబ్బు. ఎంఆర్‌పీ 40 రూపాయలు]

ఇక్కడ నేను చెప్పే అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. కంపెనీని బట్టి, సరుకును బట్టి అటూ ఇటూ అవుతాయి. కంపెనీ ఈ సబ్బును మన జిల్లా ఏజెన్సీకి, అంటే కంపెనీ సరుకును దుకాణాలకు వేసే హోల్‌సేల్ వాళ్లకు, 35కి ఇచ్చింది అనుకోండి. ఏజెన్సీ తన ఖర్చు, లాభం కలిపి రూపాయిన్నర వేసుకుని సేటుకు 36 రూపాయల 50 పైసలకు వేస్తుంది. సేటు 40కి అమ్మితే మిగిలేది మూడున్నర. షట్టర్ కిరాయి, కరెంటు బిల్లు, పొట్లాలు కట్టే పిల్లగాడి జీతం, ఎలుకలు కొట్టేసిన డబ్బాలు, అన్నీ ఆ మూడున్నరలోంచే.

ఇప్పుడు పెద్ద దుకాణం సంగతి. అదే సబ్బును కంపెనీ దగ్గర నుంచి లారీల లెక్కన నేరుగా 33కి తెచ్చింది. 36కి అమ్ముతోంది. పైన పెద్ద అక్షరాలతో "4 రూపాయల తగ్గింపు" అని కాగితం వేలాడదీసింది. దానికీ మూడు రూపాయలు మిగిలాయి.

సేటు కొనే ధర ఎంత? ముప్పై ఆరున్నర. పెద్ద దుకాణం అమ్మే ధర? ముప్పై ఆరు.

అంటే సేటు ఒక్క పైసా లాభం వేసుకోకుండా, కొన్న ధరకే ఇచ్చినా, మీకు అక్కడికంటే అర్ధ రూపాయి ఎక్కువే పడుతుంది. ఇందులో ముంచింది ఎక్కడ?

నమ్మకం కుదరకపోతే దసరా ముందు అలాంటి దుకాణంలో బిల్లింగ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒకాయన ట్రాలీ నిండా ఒకే రకం నూనె ప్యాకెట్లు, ఒకే రకం సబ్బులు వేసుకుని ఉంటాడు. భార్యను ఒక లైన్లో, కొడుకును ఇంకో లైన్లో నిలబెడతాడు. "ఒక్కరికి ఇన్నే ప్యాకెట్లు" అని బోర్డు ఉంటుంది కదా, దానికి విరుగుడు అది. ఆయన ఎవరో కాదు, కిరాణం సేటే. ఏజెన్సీ వేసే ధర కంటే ఇక్కడ కొని తీసుకుపోయి అమ్ముకోవడమే ఆయనకు గిట్టుబాటు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

సరే, మరి 33కి ఎలా వచ్చింది? ఏజెన్సీ అనే మెట్టు ఎగిరిపోయింది, అది ఒకటి. లారీల లెక్కన కొంటే కంపెనీ దిగుతుంది, అది మీకు తెలిసిందే. ఎక్కువమంది పట్టించుకోనిది మూడోది: డబ్బు ఎప్పుడు కడతారు అన్నది. మన దేశంలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ డీమార్ట్. రాధాకిషన్ దమానీ అనే షేర్ మార్కెట్ మనిషి 2002లో ముంబై పొవాయ్‌లో మొదటి దుకాణం తెరిచాడు. సరుకు వేసినవాళ్లకు డబ్బులు నెలలకు నెలలు నానబెట్టకుండా వారం పది రోజుల్లో కట్టేయడం వాళ్ల పద్ధతి. చేతికి వెంటనే డబ్బు వస్తుందంటే ఏ కంపెనీ అయినా ఇంకో రూపాయి తగ్గిస్తుంది. పైగా చాలావరకు సొంత బిల్డింగులు, కిరాయి గోల తక్కువ. దుకాణం హంగులూ తక్కువే. తెలివైన వ్యాపారం, అందులో నాకు ఏ అభ్యంతరం లేదు.

ఇంకో సంగతి. వాళ్ల అసలు లాభం సబ్బులో ఉందనుకుంటున్నారా? సబ్బు మిమ్మల్ని లోపలికి పిలవడానికి. సరుకులు తీసుకుని బిల్లు దగ్గరికి పోయేలోపు మీకు దుప్పట్లు, ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు గిన్నెలు, నైట్ ప్యాంట్లు కనిపిస్తాయి. డీమార్ట్ అమ్మకాల్లో 20 శాతానికి పైగా ఈ బట్టలు, ఇంటి సామాన్లదే. సబ్బు కంటే దుప్పటి మీద మార్జిన్ ఎక్కువ. అందుకే పెద్ద దుకాణం వచ్చిందంటే కిరాణం వాళ్లొక్కరే భయపడాలనుకోవడం తప్పు. బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఆయన, రెడీమేడ్ బట్టల ఆయన కూడా గిరాకీ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. వాళ్ల మీద మాత్రం ఎవరూ వీడియోలు చేయరు.

ఇక సేటు దగ్గర ఉండి, అక్కడ లేనిది ఒకటుంది. ఉద్దెర.

ఒక ఇంటికి మూడు వేల రూపాయల సరుకు కావాలి. చేతిలో డబ్బు లేదు. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోశారు, పైసలు ఖాతాలో ఇంకా పడలేదు. లేకపోతే మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో అయితే, ఇంటాయన ముంబైకో పుణేకో పనికి పోయాడు, వచ్చాకే లెక్క. సేటు ఖాతా బుక్కులో రాసుకుని ఇచ్చేస్తాడు. మూడు నెలలకు తీరుస్తారు. బయట అదే మూడు వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మూడు నెలలకు 180 రూపాయలు అవుతుంది. పెద్ద దుకాణంలో మూడు వేల సరుకు మీద ఆరు శాతం మిగిలిందనుకోండి, అదెంత? అదీ 180 రూపాయలే! అంటే సేటు "ఎక్కువ" తీసుకున్న డబ్బు నిజానికి ఉద్దెర వడ్డీకి సరిపోయింది. వడ్డీ అనే మాట వాడడు, ఎంఆర్‌పీలో కలిసిపోతుంది.

కాకపోతే ఒక అన్యాయం ఉంది, చెప్పకపోతే తప్పు. ఉద్దెర పెట్టనివాడు కూడా అదే ఎంఆర్‌పీ కట్టాడు. ఉద్దెర అవసరం లేని ఉద్యోగస్తులు పెద్ద దుకాణానికి పోవడంలో తప్పేం లేదు, వాళ్ల లెక్కలో అదే కరెక్టు. కానీ నగదు గిరాకీ అంతా అటు పోయి, ఉద్దెర గిరాకీ మాత్రమే మిగిలితే సేటుకు రొటేషన్, అంటే చేతిలో తిరిగే డబ్బు, ఎక్కడిది? ఏజెన్సీ వాళ్లు వారానికోసారి వచ్చి పైసలు అడుగుతారు కదా. చిన్న దుకాణం మూతపడేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. లాభం తగ్గితే ఏదోలా నెట్టుకొస్తారు. రొటేషన్ ఆగిపోతే నెట్టుకు రాలేరు.

ఇప్పుడు ఊరి సంగతి. మన దగ్గర గొలుసుకట్టు చెరువులు ఉంటాయి కదా. పైచెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది దుంకితే దాని కిందిదానికి. ఊళ్లో డబ్బు కూడా అంతే. వడ్ల పైసలు, పత్తి పైసలు, బత్తాయి పైసలు, ఉద్యోగుల జీతాలు, ఇదీ వాన. మీ ఇల్లు ఒక చెరువు. మీది మత్తడి దుంకితే సేటు చెరువుకు. ఆయనది దుంకితే పిల్లగాడి జీతానికి, టైలర్‌కు, ట్యూషన్ సారుకు. పక్కన ఏజెన్సీ చెరువు ఉంది. దాని కింద సేల్స్‌మన్, ట్రాలీ ఆటో డ్రైవర్, హమాలీ, గోదాము కిరాయి.

"పెద్ద దుకాణం వస్తే ఊరి చెరువులన్నీ ఎండిపోతాయి" అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. మళ్లీ సబ్బు తీయండి. పాత పద్ధతిలో మీరిచ్చిన 40లో 35 కంపెనీకి పోయింది. ఊళ్లో ఆగింది ఐదు రూపాయలే. కొత్త పద్ధతిలో కంపెనీకి 33 పోయింది. నాలుగు రూపాయలు మీ ఇంటి చెరువులోనే మిగిలాయి. దుకాణానికి మిగిలిన మూడింటిలో కొంత ఇక్కడి పిల్లల జీతాలకు పోయింది, మిగతాది ముంబైకి పోయింది. అంటే ఊళ్లో ఆగిన నీళ్లు పెద్దగా తగ్గలేదు. ఎవరి చెరువులో ఆగాయన్నదే మారింది. సేటు, ఏజెన్సీ, ట్రాలీ ఆటో ఆయన చెరువుల్లో తగ్గి, మీ చెరువులో పెరిగింది.

మరి ఆ నాలుగు రూపాయలు ఎటు దుంకుతాయి? పిల్లల ఫీజుకో, ఊళ్లో మేస్త్రీకో పోతే గొలుసు కొనసాగినట్టే. అదే దుకాణంలో దుప్పటికి పోతే ఊరు దాటినట్టే. నా ఇల్లు కూడా దుప్పటి బాపతే లెండి, గూట్లో విప్పని ప్యాకెట్లు ఉన్నాయి.

సబ్బు దగ్గర ఊరు పోగొట్టుకునేది తక్కువ. ఎందుకంటే అది ఎటూ బయటి సరుకే. పప్పు, బియ్యం అలా కాదు. కందిపప్పు తీసుకోండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, నారాయణపేట వైపు కూడా కంది వేస్తారు. ఇక్కడ చెరువులు ఎన్ని? రైతు, మార్కెట్ యార్డులో హమాలీ, తూకం వేసే దడ్వాయి, పప్పు మిల్లు, బజారులో హోల్‌సేల్ ఆయన, తర్వాత సేటు. బియ్యం అయితే మిర్యాలగూడ మిల్లులు, అక్కడి లారీలు, డ్రైవర్లు. ఒక కిలో పప్పు మీద డబ్బు ఇన్ని చెరువులు దుంకుతుంది. అదే పప్పు పెద్ద దుకాణం కొనుగోలు ఆఫీసు ఎక్కడో దూరంగా ఉన్న మిల్లు నుంచి తెప్పించి, నగరంలో ప్యాక్ చేయించి పంపితే గొలుసు మొత్తం పక్కకు పోయినట్టే. ఇక్కడి మిల్లు దగ్గరే కొంటే? పైన చాలా చెరువులు బతికాయి, ఆఖరున ఉన్న ఒకటో రెండో పోయాయి. రెండింటికీ చాలా తేడా. ప్యాకెట్ వెనక తిప్పి చూడండి, ప్యాక్ చేసినవాళ్ల పేరు, అడ్రసు రాయాలని రూల్ ఉంది. పిన్‌కోడ్ చూస్తే మీకే తెలుస్తుంది. ఎవరు ఎంత చౌకగా అమ్ముతున్నారన్న దానికంటే ఎక్కడ కొంటున్నారన్నదే మన జిల్లాలకు పెద్ద ప్రశ్న. దాన్ని అడిగేవాడు లేడు.

టైమ్ చాలా అయింది, మిగతావి గబగబా చెప్పేస్తా.

అమెరికాలో వాల్‌మార్ట్ సంగతి అడుగుతుంటారు. 1962లో ఆర్కన్సాలో రోజర్స్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. అది తెరిచిన చోట ఉద్యోగాలు పెరిగాయా, తగ్గాయా అని అక్కడ ఏళ్లుగా కొట్లాట. ఎమెక్ బాస్కర్ అనే ఆర్థికవేత్త 2005లో, మొదటి ఏడాది ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) రిటైల్ ఉద్యోగాలు వంద దాకా పెరిగి, తర్వాత ఐదేళ్లలో అందులో సగం పోతాయని తేల్చింది. 2008లో డేవిడ్ న్యూమార్క్, ఆయన తోటివాళ్లు వేరే పద్ధతిలో లెక్కేసి, వాల్‌మార్ట్ ఇచ్చే ఒక్కో ఉద్యోగానికి సుమారు 1.4 రిటైల్ ఉద్యోగాలు పోయాయన్నారు. ఒకరిది లాభం లెక్క, ఇంకొకరిది నష్టం లెక్క. కాబట్టి ఎవరైనా ఒక్క అంకె చూపించి తీర్పు చెబితే నమ్మకండి. పైగా అక్కడ ఉద్దెర ఖాతా బుక్కు లేదు, రెండు రూపాయల షాంపూ ప్యాకెట్ లేదు.

విదేశీ కంపెనీల గురించి ఒక మాట. 2012లో మల్టీబ్రాండ్ రిటైల్‌లో, అంటే రకరకాల కంపెనీల సరుకు ఒకేచోట అమ్మే దుకాణాల్లో, 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం ఒప్పుకున్నప్పుడు ఎంత గొడవ! ఆ గొడవంతా వాల్‌మార్ట్ మీద. చివరికి మన జిల్లా కేంద్రాల దాకా వచ్చే దుకాణాలు ఎక్కువగా దేశీ కంపెనీలవి. వాటికి విదేశీ పెట్టుబడి షరతులు వర్తించవు కూడా.

ఏజెన్సీల వాళ్లు ఊరికే కూర్చోలేదు. వాళ్ల అఖిల భారత సమాఖ్య 2022 జనవరి నుంచి పెద్ద కంపెనీలకు సహాయ నిరాకరణ చేస్తామని ప్రకటించింది. "మాకు ఒక ధర, ఆన్‌లైన్ హోల్‌సేల్ కంపెనీలకు ఇంకో ధర ఎందుకు?" అని వాళ్ల ప్రశ్న. మన సబ్బు లెక్కలో 35, 33 గొడవ అదే.

చట్టం? ధర తగ్గించి అమ్మడం నేరం కాదు. 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం మార్కెట్‌ను శాసించే స్థాయిలో ఉన్న కంపెనీ, పోటీని లేకుండా చేయాలని ఖర్చు కంటే తక్కువకు అమ్మితేనే తప్పు. మన 33కి కొని 36కి అమ్మిన సబ్బు అందులోకి రాదు.

సేట్లకు ఒక్క చోట మాత్రం పన్ను కలిసొచ్చింది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. అందుకే బియ్యం బస్తాలు ఉన్నట్టుండి 26 కిలోలు అయ్యాయి, గమనించే ఉంటారు. ఆ బస్తా విప్పి విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. పెద్ద దుకాణంలో ఐదు కిలోల ప్యాకెట్ మీద ఉంది. సబ్బు దగ్గర ఓడిపోయే సేటు విడి పప్పు, విడి బియ్యం దగ్గర నిలబడగలడు. మీ గల్లీ దుకాణంలో ఒకసారి రెండు ధరలూ పోల్చి చూడండి, నాణ్యత కూడా చూసే పోల్చండి.

ఏజెన్సీ నడిపేవాళ్లు ఎవరైనా ఇది చూస్తుంటే, నేను వేసిన 35, 36.50 మీ లైన్‌లో అసలు ఎంత ఉంటాయో కింద రాయండి. వచ్చే వీడియోలో దుప్పటి లెక్క. ఉంటాను.